తిరిగే సొమ్ము, నిలిచే సంఘం

కొత్తగా పెట్టిన పొదుపు సంఘానికి ప్రభుత్వ గ్రాంటు వెంటనే రాదు. ముందు కొన్ని నెలలు సంఘం తన సొంత పొదుపుతోనే నడిచి చూపించాలి. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ పెట్టిన ఈ చిన్న షరతులోనే దాన్ని రూపొందించినవాళ్ల పనితనం కనబడుతుంది. ఆ మిషన్ దేశమంతటికీ వచ్చింది 2011లో. దాని నమూనాలో ఎక్కువ భాగం అంతకు ముందే మన నేల మీద తయారైంది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో ఒక ప్రయోగం జరిగింది. తర్వాత 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, 'వెలుగు' పథకంతో దాన్ని విస్తరించింది. స్థానిక సంస్థలకు సొమ్మిచ్చి వాటి సొంత సత్తా పెంచడం ఎలాగో తెలియాలంటే ఈ అమరికను భాగం భాగంగా విప్పి చూడాలి.

అన్నిటికంటే చిన్న భాగం సంఘం. పది పదిహేను మంది ఆడవాళ్లు, ఒకే ఊరివాళ్లు. వాళ్ల పనితీరును కొలిచేవి పంచసూత్రాలు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులివ్వడం, వాయిదాలు సకాలంలో కట్టడం, పుస్తకాలు ఎప్పటికప్పుడు రాయడం. ఈ అయిదూ ఒకదాని మీద ఒకటి ఆనుకొని ఉంటాయి. అందరూ కూర్చోకపోతే పొదుపు అందరి కళ్ల ముందు జమకాదు. పొదుపు లేకపోతే అప్పివ్వడానికి డబ్బుండదు. అప్పు తిరిగి రాకపోతే రెండో మనిషికి అందదు. పుస్తకం లేకపోతే ఈ నాలుగూ జరిగాయో లేదో తేల్చే దారే లేదు. అయిదింటిలో ఏది జారినా మిగతావాటి మీద ఆ బరువు పడుతుంది కాబట్టి లోపం తొందరగా బయటపడుతుంది.

పుస్తకాల అమరిక ఇంకా చక్కనిది. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, లెడ్జరు, ప్రతి సభ్యురాలి చేతిలో ఒక పాసు పుస్తకం. ఒకామె కట్టిన వంద రూపాయలు నగదు పుస్తకంలో ఆ రోజు వసూలుగా, లెడ్జరులో ఆమె ఖాతాగా, పాసు పుస్తకంలో ఆమె సొంత రుజువుగా నమోదవుతాయి. మొదటి రెండూ సంఘం దగ్గర, మూడోది ఆమె ఇంట్లో. ఎక్కడైనా అంకె తేడా పడితే పోల్చి చూడటానికి ఇంకోటి ఉంటుంది. చదువు రాని సభ్యురాలికి కూడా లెక్క అందాలని, సమావేశంలో జమాఖర్చులూ మిగులూ పైకి చదివి వినిపించాలంటారు. లెక్క అందరి చెవినా పడితే కాపలా కాసే పని కూడా అందరిదవుతుంది.

ఇంతవరకూ నిలదొక్కుకున్న సంఘానికి మొదట వచ్చేది రివాల్వింగ్ ఫండు. మిషన్ మొదట్లో సంఘానికి 10,000 నుంచి 15,000 రూపాయలు ఇచ్చేది. ఇప్పుడది 20,000 నుంచి 30,000. ఈ సొమ్ము పంచుకోవడానికి కాదు. సభ్యుల పొదుపుతో కలిపి సంఘం మూలధనంగా ఉంచాలి. ఒకామె తీసుకుని కట్టేస్తే అదే రూపాయి ఇంకొకామెకు వెళ్తుంది. మొత్తం చిన్నది కావడంలోనూ ఆలోచన ఉంది. తమ కష్టార్జితాన్ని కాపాడుకున్నట్టే బయటి సొమ్మునూ కాపాడగలరా అన్నది తేలేది ఇక్కడే. పొరపాటు జరిగినా సంఘం కూలిపోయేంత పెద్దది కాదు.

తర్వాతి మెట్టు సూక్ష్మ రుణ ప్రణాళిక. సభ్యులంతా కూర్చుని ఒక్కొక్కరి ఇంటి ఆదాయం, ఖర్చు, ఉన్న అప్పులు, చేయగల పని మాట్లాడుకుంటారు. ఎవరికి ఎంత కావాలి, ఎందుకు, ఎన్ని వాయిదాల్లో తీర్చగలరు అన్నది రాస్తారు. అందరికీ ఒకేసారి చాలదు కాబట్టి వరస నిర్ణయిస్తారు. ఎక్కువ పేదవాళ్లు ముందు. గేదె కొనే ఆమెకూ బడ్డీ కొట్టు పెట్టే ఆమెకూ డబ్బు చేతికొచ్చే కాలాలు వేరు, వాయిదాలూ అలాగే వేరవుతాయి. ఆ కాగితం గ్రామ సమాఖ్యకు చేరుతుంది. అందులో ఊళ్లోని సంఘాలన్నిటి ప్రతినిధులూ ఉంటారు. వాళ్లు పరిశీలించి ఆమోదిస్తేనే సొమ్ము కదులుతుంది.

అసలు చాతుర్యం ఆ కదలికలో ఉంది. ఈ పెద్ద సొమ్ము పేరు సామాజిక పెట్టుబడి నిధి, సంఘానికి 2.5 లక్షల రూపాయల దాకా అందవచ్చు. ప్రభుత్వం నుంచి సమాఖ్యకు వచ్చేటప్పుడు అది గ్రాంటు, తిరిగి కట్టక్కర్లేదు. అక్కడి నుంచి కిందికి దిగే ప్రతి మెట్టు దగ్గరా అది అప్పే. గ్రామ సమాఖ్యలన్నీ కలిసిన మండల సమాఖ్య గ్రామ సమాఖ్యకు, గ్రామ సమాఖ్య సంఘానికి, సంఘం సభ్యురాలికి ఇస్తుంది. వాయిదాలు అదే దారిలో పైకి వస్తాయి, కానీ ఖజానాకు వెళ్లవు. సమాఖ్య దగ్గరే ఆగి, అక్కడి నుంచి మళ్లీ కిందికి దిగుతాయి. ఇచ్చినవారు ఒక్కసారే ఇచ్చారు. పుచ్చుకున్నవారి చేతుల్లో అది శాశ్వత మూలధనమైంది.

వడ్డీ కూడా ఇదే కొలతతో అమర్చారు. సభ్యురాలు సంఘానికి నూటికి నెలకు రూపాయి కడుతుందనుకుందాం. సంఘం పైకి కట్టేది అంతకంటే కొంచెం తక్కువ, గ్రామ సమాఖ్య మండలానికి కట్టేది ఇంకాస్త తక్కువ. ప్రతి మెట్టు మీద మిగిలే ఆ పైసలతోనే పుస్తకాలు రాసే ఆమెకు గౌరవ వేతనం, సమావేశాలకు దారి ఖర్చులు, ఆడిట్ రుసుము వంటివి గడుస్తాయి. చిన్న సంస్థలు సాధారణంగా కుంగిపోయేది ఈ రోజువారీ ఖర్చుల దగ్గరే. ఇక్కడ వాటికి ప్రతి ఏటా ఎవరినీ అడగనక్కర్లేకుండా, పని జరిగే కొద్దీ ఆదాయం పుడుతుంది.

ఈ నిర్మాణానికి చట్టం ఇచ్చిన ఆధారం కూడా గట్టిదే. మన సమాఖ్యలు చాలావరకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదయ్యాయి. అందులో ప్రభుత్వానికి వాటా ఉండదు, పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. గ్రాంటు ఇచ్చిన చేయి సంస్థను పట్టుకుని ఉండే వీలు లేదన్నమాట. 2011లో స్త్రీనిధి ఏర్పడినప్పుడు, మండల సమాఖ్యలు తమ సొమ్మును వాటాధనంగా పెట్టి, ప్రభుత్వంతో కలిసి ఒక రాష్ట్రస్థాయి రుణ సహకార సంస్థకు యజమానులయ్యాయి.

నేర్పేవాళ్లు కూడా లోపలి నుంచే వచ్చారు. పేదరికం నుంచి సంఘం ద్వారా పైకి వచ్చిన ఆడవాళ్లే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా మారి, ఊరూరా సంఘాలు కట్టించారు. బీహార్ దాకా వెళ్లి అక్కడి ఆడవాళ్లకూ ఈ పద్ధతి నేర్పారు. భాష వేరైనా పాసు పుస్తకంలో అంకెలు ఎలా సరిచూడాలో చేసి చూపించవచ్చు.

భాగాలన్నీ కలిపి చూస్తే ఒక సూత్రం తేటపడుతుంది. ఈ అమరికలో సొమ్ము ఏ మెట్టు మీదా నిర్ణయం లేకుండా దాటదు. దాటిన ప్రతిసారీ నలుగురు కూర్చోవాలి, వాదించుకోవాలి, తీర్మానం రాయాలి, పూచీ పడాలి. అప్పు తీరేసరికి సభ్యురాలి చేతిలో గేదె ఉంటుంది, సంఘం చేతిలో ఇంకో అప్పును నడపగల అనుభవం ఉంటుంది. సామర్థ్యం పెంచాలనుకునే ఏ దాత అయినా నేర్చుకోవలసింది ఈ కూర్పునే: ఎంత ఇచ్చామన్నదాని కంటే, ఇచ్చిన రూపాయి ఎన్నిసార్లు ఎంతమంది చేత ఆలోచింపజేస్తుందో చూసుకుని ఇవ్వాలి.