కాంటూరు గీత పడని సీమ

టోపోషీటు అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటమని పాఠం చెప్తాం. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 షీటు తీసి దిండిని వెతకండి. వశిష్ఠ గోదావరి ఉంటుంది. ఆవలి ఒడ్డున చించినాడ ఉంటుంది. కాలవలు, గట్లు, గుళ్లు, చర్చీలు ఉంటాయి. ఆ షీట్ల గుర్తుల పట్టీలో తాటిచెట్టుకి సైతం విడిగా ఒక బొమ్మ ఉంది. ఎత్తు చెప్పే గీత మాత్రం దిండి చుట్టూ ఒక్కటీ పడదు. ఆ షీట్లలో కాంటూరు గీతలు సాధారణంగా 20 మీటర్లకొకటి. కోనసీమ నేల అంత ఎత్తుకి లేవదు మరి!

1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే దూరం నుంచి కనిపించే ఎత్తైన చోట్లని వెతుక్కుంటూ పోయింది. డెల్టా ఎత్తుపల్లాలు అడుగుల్లో, అంగుళాల్లో ఉంటాయి. ఎవరి పొయ్యిలోకి ముందు నీళ్లొస్తాయో తేల్చేది ఆ అంగుళాలే.

సర్కారుకి ఆ అంగుళాలు తెలియవా? బాగా తెలుసు. 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్, లెవెళ్లు చూడకుండా కాలవలు తవ్వించలేదు. పారే కాలవ మెరక వెంట, మురుగు కాలవ పల్లం వెంట పోవాలి, అదీ లెక్క. నీళ్లెక్కితే శిస్తొచ్చే పొలానికి లెవెలు కట్టారు. మెరక మీద ఊరు, పల్లంలో వాడ అన్న తేడాని మటుకు షీటు మీద వెతికినా దొరకదు. అన్నీ ఒకే ఎర్ర రంగు ఇళ్లు. ఇది ఏ సర్వేయరో పన్నిన కుట్ర అనడం లేదు. కులం పేరెత్తకుండానే కులాన్ని దాటవేసే పద్ధతి ఇది. దీన్ని పట్టుకోవడం కుట్రని పట్టుకోవడం కన్నా కష్టం.

పైగా 2005లో జాతీయ పటాల విధానం వచ్చేదాకా తీరప్రాంతపు షీట్లు మామూలు జనానికి దొరకడమే గగనం. 1986 ఆగస్టు వరదలో నీళ్లెక్కడిదాకా వచ్చాయో పటాన్ని అడిగి లాభం లేదు. వాడలో ముసలమ్మనడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది.

మనం కొలవొచ్చు. తాపీమేస్త్రీ లెవెల్ పైపు చాలు. వంతెన మీదో లాకు గోడ మీదో బెంచిమార్కు ఉంటే అక్కణ్నించి, లేకపోతే కాలవ తూము అడుగుమట్టం నుంచి మొదలుపెట్టి, వాడలో ప్రతి గుమ్మం ఎంత పల్లంలో ఉందో రాయాలి. ముసలమ్మ చూపిన గుర్తూ పక్కనే వెయ్యాలి. కాలేజీ పిల్లలకి రెండు ఆదివారాల పని. ఇళ్లస్థలాల అర్జీకి ఆ కాగితం జతచేస్తే, ముంపు పల్లాన్ని చూపించి "స్థలం ఇచ్చేశాం" అనడం ఏ తహసీల్దారుకీ అంత తేలిక కాదు.