శుక్రవారం కింద ర వత్తు

చంద్రపూర్‌లో పాత కంప్యూటర్ పని బ్రష్షుతో మొదలవుతుంది. కేబినెట్ పక్క మూత విప్పితే ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కలకూ, దాని కింది హీట్‌సింక్ సందుల్లోనూ నల్లటి మెత్తటి పొర ఉంటుంది. బొగ్గు ఊరు కదా, ఇంకేం రాలుతుంది! ముందు పెయింట్ బ్రష్షుతో దులిపి, బ్లోయర్‌తో ఊది, ఎండిపోయిన థర్మల్ పేస్టు గీకేసి కొత్తది రాశాకే తెర మీది సోకుల సంగతి. డెస్క్‌టాప్ ముస్తాబు గురించి రాయాల్సినవాడు దుమ్ము దగ్గర ఆగిపోయాడేంటి అనకండి. ఆ ముస్తాబులో మొదటి వస్తువు ఏదో ఈ దుమ్మే చెబుతుంది. ప్రాసెసర్ వేడిని చూపించే అంకె అది. వేరే ఊళ్లో దాన్ని షోకు అనొచ్చు. మేలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో, మధ్యాహ్నం కూలర్ కూడా వేడిగాలే కొట్టే గదిలో, ఆ అంకె 80 దాటి ఎర్రబడితే కంప్యూటర్ కట్టేయాలని ఇంట్లో అందరికీ తెలియాలి.

ఇలా పాత కంప్యూటర్లను బాగుచేసి ముస్తాబు చేయడం నా ఉద్యోగం కాదు, ఆదివారాల కాలక్షేపం. మా వీధిలో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. గనుల్లో పనికనీ, బల్లార్‌పూర్ కాగితం మిల్లులో పనికనీ కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. పక్కనున్న రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది కాబట్టి, వచ్చారనడం కంటే సరిహద్దే జరిగిందనడం కొందరి విషయంలో సరైన మాట. పిల్లలు చదువుకని పుణెకో హైదరాబాద్‌కో వెళ్లిపోయారు. వాళ్లు వదిలేసిన కంప్యూటర్లు దుప్పటి కప్పుకుని మూలన కూర్చున్నాయి.

అలాంటివాటి సంఖ్య ఈమధ్య పెరిగింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ప్రాసెసర్ వాళ్లిచ్చిన జాబితాలో ఉండాలి. నిన్నటిదాకా బాగానే నడిచిన యంత్రాలు ఆ ఒక్క తేదీతో పాతవైపోయాయి. నిజంగా పాతవైన కోర్ 2 డుయోల సంగతి చెప్పేదేముంది? ఊళ్లో ఒక షాపులో రెండు జీబీ ర్యామ్ ఉన్న పెట్టెలో దొంగ విండోస్ 10 ఎక్కించి పంపారు. స్టార్ట్ బటన్ నొక్కి టీ పెట్టుకుని రావచ్చు.

డెస్క్‌టాప్‌ను మార్చుకునే పిచ్చి మా తరానికి ఎక్స్‌పీతో పట్టింది. 2001లో వచ్చిన ఆ విండోస్‌లో తెర నిండా పచ్చటి కొండ ఉండేది. చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996లో కాలిఫోర్నియాలో రోడ్డు పక్కన ఆగి తీసిన బొమ్మ. మే నెల చంద్రపూర్‌లో కూర్చుని ఆ పచ్చదనం చూడటం ఒకరకంగా హింసే. ఇక కిటికీల అంచులకు నీలం, ఆలివ్, వెండి రంగుల్లో ఏదో ఒకటి ఎంచుకోమనేవాళ్లు, అంతే. మైక్రోసాఫ్ట్ సంతకం లేని థీమ్‌ను ఎక్స్‌పీ లోపలికి రానిచ్చేది కాదు. అందుకని యూఎక్స్‌థీమ్ అనే డీఎల్ఎల్ ఫైలును ప్యాచ్ చేసే చిన్న ప్రోగ్రాములు సీడీల మీద చేతులు మారేవి. డబ్బున్నవాడు విండోబ్లైండ్స్ కొనేవాడు, లేనివాడు దాని దొంగ నంబర్ వెతికేవాడు. ఎక్స్‌పీని విస్టాలా కనిపించేలా చేసే ప్యాకులు కూడా ఉండేవి. అద్దంలాంటి అంచులు వచ్చేవి, కంప్యూటర్ మాత్రం మోకాళ్ల మీద నడిచేది.

అదంతా కుర్రతనమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్ మొహం చూడాలి. సొంతిల్లయితే సుత్తి ఎక్కడుందో వెతుక్కుంటే చాలు. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు టాస్క్‌బార్‌ను పక్కకో పైకో జరుపుకునే వీలు తీసేసి ఇచ్చారు. పాతికేళ్లుగా ఉన్న సౌకర్యం అది. డబ్బు పోసి కొన్న కొత్త కంప్యూటర్‌లో మనకు దొరకని పెత్తనం, తుక్కుకు వేయబోయిన పెట్టెలో దొరుకుతుంది. అందుకే నాకు ఈ పని ఇష్టం.

టాలీ కోసమో, పాత ప్రింటర్ కోసమో విండోస్ 7ను వదలలేనివాళ్లకు నెట్ కనెక్షన్ తీసేసి రెయిన్‌మీటర్ పెడతాను. కిమ్మో పెక్కోలా 2001లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. గడియారం, డిస్కులో మిగిలిన జాగా, ర్యామ్ వాడకం లాంటివాటిని తెర మీద నచ్చిన చోట నచ్చిన రూపంలో పెట్టుకోవచ్చు. ఒక్కో వస్తువును స్కిన్ అంటారు. అది మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. పాత కంప్యూటర్‌లో ముందు చూడాల్సింది ఆ ఫైలు మొదట్లో ఉండే అప్‌డేట్ అనే వరస. అక్కడ 1000 అని ఉంటే సెకనుకోసారి లెక్క చూసుకుంటుంది. పాటకు తగ్గట్టు గంతులేసే రంగు గీతల స్కిన్‌లో ఆ అంకె 25 ఉంటుంది, అంటే సెకనుకు నలభై సార్లు. కొత్త యంత్రానికి అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు, కోర్ 2 డుయోకి రోజంతా వెట్టిచాకిరీ. డిస్కులో జాగా ఎంతుందో సెకనుకోసారి తెలుసుకుని చేసేదేముంది, నిమిషానికోసారి చాలు. ఏ సమాచారం ఎంత తాజాగా కావాలో ఇంటివాళ్లను అడిగి తేల్చుకోవడమే ఇందులో అసలు పని. రంగులు ఎవరైనా వేస్తారు. ఇక వాతావరణం చూపించే స్కిన్‌లను నేను అసలు ముట్టుకోను. 2019 జనవరిలో యాహూ తన పాత ఉచిత వాతావరణ సేవను ఆపేసినప్పుడు దాని మీద ఆధారపడ్డ స్కిన్‌లన్నీ ఒకేసారి నోరు మూశాయి. పైగా ఈ ఊళ్లో ఎండ ఎంతుందో తెలియడానికి గుమ్మం దాటితే సరిపోతుంది.

పక్కింటి మామ కంప్యూటర్ మాత్రం వేరే కథ. గనిలో చేసి రిటైరైన మనిషి. కొడుకు ఇంజినీరింగ్ రోజుల నాటి కోర్ 2 డుయో, చదరపు పదిహేడు అంగుళాల మానిటర్. దాని కొలత 1280 బై 1024. ఈ కాలపు వాల్‌పేపర్లన్నీ అడ్డంగా పొడుగు కాబట్టి దేవుడి పటం పెడితే పక్కనున్న దేవేరులిద్దరూ తెర బయటికి పోతారు. ముందు బొమ్మను కత్తిరించుకోవాలి. పాత డీడీఆర్2 ర్యామ్ ఇంకో రెండు జీబీ, చవకలో దొరికే 120 జీబీ ఎస్ఎస్‌డీ వేసి, లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఎక్కించాను. 1996లో ఒలివియే ఫుర్దాన్ మొదలుపెట్టిన డెస్క్‌టాప్ అది. ఆడంబరం లేదు, ఆకలీ తక్కువ. పాత ఇంటెల్ గ్రాఫిక్స్‌కు భారమని కంపోజిటర్ ఆపేశాను. కిటికీల కింద నీడలు పోయాయి, మౌస్‌కు మాత్రం ప్రాణం వచ్చింది.

మామ అడిగినవి ఎక్కువేం కాదు. "గడియారం పెద్దగ గావాలె. వారం, తారీకు తెలుగుల గావాలె. గంతే."

గంతే అన్న దగ్గరే అసలు చిక్కు. లినక్స్‌లో ఇలాంటివాటికి అందరూ పెట్టేది కాంకీ. తేలిక, రెయిన్‌మీటర్‌లాగే టెక్స్ట్ ఫైలుతో నడుస్తుంది. పెద్ద గడియారం, కింద వారం పేరు, ఆ కింద ప్రాసెసర్ వేడి వరసగా పేర్చాను. మామ కళ్లజోడు సర్దుకుని దగ్గరికొచ్చి చూశాడు.

"గిదేం తెలుగు అల్లుడా? వత్తులన్ని ఊడి పక్కకు పడ్డయ్."

నిజమే. అది శుక్రవారం. క తర్వాత ఒక పొల్లు, దాని పక్కన నిండు ర నిలబడి ఉన్నాయి. ఫాంటు మార్చినా ఫలితం ఉండదు, ఎందుకంటే తప్పు ఫాంటుది కాదు. గుణింతాలనూ వత్తులనూ వాటి చోట్లలో కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఒకటుంది. మెనూలు, ఫైళ్ల పేర్లు, ప్యానెల్ లాంటివన్నీ పాంగో అనే ఇంకో లైబ్రరీ ద్వారా దాని చేత పని చేయించుకుంటాయి. కాంకీ అటు వెళ్లదు. ఫాంటులోని గుర్తులను తీసి వరసగా ఒకదాని పక్కన ఒకటి దించేస్తుంది. ఇంగ్లీషుకు అది చాలు కాబట్టి రాసినవాళ్లకు ఆ అవసరం తోచి ఉండదు.

అందుకని పని పంచాను. అంకెలు కాంకీకి, అక్షరాలు ప్యానెల్‌కి. మింట్ భాషా సెట్టింగుల్లో మెనూల భాష ఒకటి, తేదీల పద్ధతి మరొకటి విడివిడిగా ఎంచుకోవచ్చు. తేదీల పద్ధతి ఒక్కటే తెలుగుకు మారిస్తే ప్యానెల్ గడియారం శుక్రవారాన్ని సవ్యంగా రాస్తుంది. అయితే 24 పిక్సెళ్ల ప్యానెల్‌లో ర వత్తు అడుగు కోసుకుపోయింది. తెలుగుకు కిందా పైనా చోటు కావాలి, ఇంగ్లీషు కొలతతో కట్టిన పట్టీ చాలదు. 34కి పెంచాను. ఫాంటు విషయంలో కూడా మామది ఒకటే పట్టు, సన్న గీతలు వద్దన్నాడు. దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు మింట్ సాఫ్ట్‌వేర్ భాండాగారంలోనే ఉన్నాయి, ఒక్క ప్యాకేజీలో రెండూ వస్తాయి. పేపర్ హెడ్డింగుకు పనికొచ్చే రామభద్ర వేరే ప్యాకేజీలో ఉంది. అది పెట్టగానే మామ వెనక్కి వెళ్లి మంచం మీద కూర్చుని అక్కడి నుంచి చదివి చూసుకున్నాడు. తిథి కూడా రావాలన్నాడు కానీ, గోడకు కాలనిర్ణయ్ తెలుగు క్యాలెండర్ వేలాడుతూనే ఉంది. ప్రతిదీ తెర మీదికి ఎక్కించనక్కర్లేదని దాన్ని చూపించాను.

మామ కూతురి కొడుకుది ఇంకో పేచీ. వాడు చదివేది మరాఠీ మీడియం. తాత తెలుగు వాడికి రాదు, వాడికి కావాల్సిన నల్లటి థీమ్, మెరిసే ఐకాన్లు తాతకు కనపడవు. లినక్స్‌లో ఇద్దరికీ రెండు ఖాతాలు ఇస్తే ఎవరి తెర వారిది. వాడి మెనూలు మరాఠీలో, అడుగున ప్లాంక్ డాక్. యూట్యూబ్‌లో ఎక్కడో చూసి, కిటికీలు ఊగే కాంపిజ్ కావాలని పట్టుబట్టాడు. 2006లో నోవెల్‌లో పుట్టిన ఆ ముచ్చట అప్పట్లో మా కళ్లు కూడా తిప్పేసింది. పెట్టి చూపించాను. తెర ఘనంలా గిర్రున తిరిగింది, ఫ్యాన్ హోరెత్తింది, కాంకీలో అంకె 80 దాటి ఎర్రబడింది. వాడే చూసి తీసేయమన్నాడు. తాత ఎంత చెప్పినా వినని పిల్లాడు తన తెర మీది ఎర్ర రంగుకు భయపడ్డాడు.

ఈ అమరికంతా ఇంటి ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లలో ఉంటుంది. ప్యానెల్, కాంకీ సెట్టింగులు రెండూ కలిపి వాట్సాప్ ఫొటో అంత కూడా ఉండవు. బల్లార్‌పూర్‌లో మామ వియ్యంకుడికి కూడా అచ్చం అలాంటిదే కావాలట, అందుకని పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. ఇలా ఎక్కించుకునేవాళ్లు రెండు చూసుకోవాలి. కాంకీ ఫైలులో వాల్‌పేపర్‌కో స్క్రిప్టుకో పూర్తి దారి రాసి ఉంటే అందులో పాత యజమాని ఖాతా పేరు ఉంటుంది, అది మార్చాలి. వేడి చూపించే సెన్సర్ నంబర్ ఒక్కో మదర్‌బోర్డుకు ఒక్కోలా ఉంటుంది, సెన్సర్స్ అనే కమాండ్ కొట్టి సరిచూసుకోవాలి. లేకపోతే మేలో కూడా అంకె సున్నా చూపిస్తూ కూర్చుంటుంది.