కిటికీ పక్కన కొల్లేరు

పక్షి వీక్షణ అనగానే తెల్లవారకముందే అడవి చేరి, చెట్టుచాటున గంటల తరబడి కదలక కూర్చుని, బైనాక్యులర్స్‌తో కొమ్మకొమ్మనూ గాలించడమే చాలామందికి స్ఫురిస్తుంది గాని, గుడివాడ నుంచి భీమవరానికి సీజన్ టికెట్ మీద రోజూ కొలువుకు వెళ్లివచ్చే ఉద్యోగి రైలు కిటికీలోంచి చేసే వీక్షణ కూడా శ్రద్ధతో సాగితే ఒక విద్యే అవుతుంది. 2002లో రామ్సర్ జాబితాకు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల పట్టికకు ఎక్కిన కొల్లేరుకు దక్షిణంగా, కైకలూరు, ఆకివీడుల మీదుగా, కొల్లేటి నీటిని బంగాళాఖాతానికి చేర్చే ఉప్పుటేరును దాటుకుంటూ సాగే ఈ దారి పొడవునా చేపల చెరువులూ వరిచేలే కనిపిస్తాయి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది కనుక, పట్టాల పక్కనున్న తీగ మీది పిట్ట చూపు కుదురుకునేలోగానే వెనకబడిపోతుంది. 20 మీటర్ల దూరంలోని పిట్టకంటే 200 మీటర్ల అవతల చెరువు గట్టున నిలిచిన కొంగ కిటికీ చట్రంలో పది రెట్లు ఎక్కువసేపు నిలుస్తుంది. బైనాక్యులర్స్ పిట్టతోపాటు పెట్టె కుదుపును కూడా పెద్దది చేస్తాయి కాబట్టి ఇక్కడ వాటితో పనిలేదు. ఈకల రంగులూ ముక్కు కొలతలూ చూసే వ్యవధి లేనప్పుడు ఆధారపడవలసింది పక్షిశాస్త్రజ్ఞులు ‘జిజ్’ అని పిలిచేదాని మీద, అనగా పక్షి ఆకారం, కూర్చునే తీరు, కదలిక కలిసి ఒక్కసారిగా కలిగించే మొత్తం ఎరుక మీద.

తీగ మీద చీలిన తోకతో కనిపించేది ఏట్రింత. ఎగిరి పురుగును పట్టి మళ్లీ అదే తీగకు వచ్చి వాలేది తేనెటీగలను తినే పచ్చపిట్ట. పెద్ద తలతో ముడుచుకుని కూర్చుని, లేచినప్పుడు మాత్రమే నీలిరెక్కలు విప్పేది పాలపిట్ట. చెరువు మీద గాలిలో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలిచి, నిట్టనిలువుగా నీళ్లలోకి దూకేది నలుపు తెలుపుల లకుముకి పిట్ట. తెలుగు పల్లెలు పక్షులకు పెట్టుకున్న పేర్లలో ఎన్నో ఈ రకపు చూపు నుంచే పుట్టాయి: మనిషి దగ్గరకు వచ్చినా కళ్లులేనట్టు కదలక నిలిచేది గుడ్డి కొంగ, పశువుల వెంట తిరిగేది పసుల పోలిగాడు, నత్తలను ఏరి తినేది నత్తగొట్టు కొంగ. పుస్తకం కొలతలు చెబుతుంది, ఈ పేర్లు నడవడి చెబుతాయి. రైలు ప్రయాణికుడికి ఎక్కువ అక్కరకొచ్చేవి పేర్లే.

అయితే ఈ విద్య అసలు బలం ఒక్కనాటి దర్శనంలో కాక, అదే దారి, అదే వేళ మళ్లీమళ్లీ రావడంలో ఉంది. నిర్ణీత రేఖ వెంట సాగుతూ కనిపించిన జీవులను లెక్కించే పద్ధతిని శాస్త్రవేత్తలు ట్రాన్సెక్ట్ అంటారు. ఉద్యోగి ప్రయాణం, అతడు కోరకుండానే, దాదాపు అటువంటి రేఖ. తేదీ, ఏయే స్టేషన్ల నడుమ, సుమారు ఎన్ని అన్న మూడు వివరాలనే చిన్న నోటుబుక్కులో రాసుకున్నా, ఉత్తరాది నుంచి వలస వచ్చే స్వాలో పిట్టలు తీగలకెక్కిన వారమూ అవి ఖాళీ చేసిన వారమూ, గుడ్డి కొంగ మట్టిరంగు వీపు గూడు కట్టే కాలానికి ముదురెరుపుకు తిరిగిన నెలా బయటపడతాయి. ఏమీ కనిపించని రోజును కూడా తప్పక రాయాలి, ఎందుకంటే నిరుడు నిండుగా ఉన్న గట్టు ఈ ఏడు బోసిపోయిందని నమ్మకంగా చెప్పగలిగేది ఆ ఖాళీ పేజీలే.

అటువంటి పేజీల అవసరం ఈ దారిలో మరీ ఎక్కువ. 2006లో ప్రభుత్వం కొల్లేటి అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను పెద్దఎత్తున తెగ్గొట్టించింది గాని, చెరువులకూ పక్షులకూ మధ్య పోరు నేటికీ తీరలేదు. పట్టుబడికి నీళ్లు తీసిన చెరువు కొంగలకు విందు, నీళ్లు నిండుగా ఉండగా మీద కట్టిన వలలూ తాళ్లూ వాటికి గండం. చేప పోతే అప్పు తీరని రైతు బాధా నిజమే, వలలో చిక్కి వేలాడే నీటికాకి బాధా నిజమే. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతుల కోసం అటవీశాఖ ఇనుప మంచెలు కట్టించి నిలబెట్టింది, అవి వాటి మీద గూళ్లు కట్టి పిల్లలను లేపుతున్నాయి. ఆ పక్షులు మేతకు పోయేది మాత్రం ఈ చెరువుల మీదుగానే.

గుడివాడలో ఎక్కేవారు ఎడమవైపు కిటికీ చూసుకోవాలి. కొల్లేరు ఆ వైపునే ఉంటుంది, శీతాకాలపు పొద్దు ఆగ్నేయం నుంచి వీపు వెనకగా పడి పక్షుల రంగులను తేటగా చూపుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అదే వెలుగు నైరుతి నుంచి వస్తుంది, అప్పుడు కూర్చోవలసింది కుడివైపు.