వెండి తీగలో నర్తనము

కటకపు వెండిపనిని మనము తరచుగా అద్దాల బీరువాలోనే చూచుచుందుము. తీగతో కట్టిన నెమలి, కోణార్క రథచక్రము, కాలెత్తి నిలిచిన నర్తకి - చుట్టములకు చూపి మరల తలుపు మూయుదుము. వానిలో పనితనము కలదు. చలనము లేదని మా అభిప్రాయము. కాలెత్తిన బొమ్మ యెల్ల ఆడినట్లు కాదు గదా!

ఈ పని యొక్క సొగసు ఒడిస్సీ నర్తకి ఒంటిమీదనే తెలియును. వెండికడ్డీని కమ్మచ్చు బెజ్జములలో లాగి లాగి, వెండ్రుకవలె సన్నగిల్లిన రెండు తీగలను మెలివేసి, అణచి, చుట్టలుగా చట్రములో పొదిగి, వెలిగారముతో అతుకుదురు. ఆ మెలి అంచున సన్నని గాట్లు నిలుచును. త్రిభంగిలో నడుము ఒరిగినపుడు 'బెంగపటియా' అను ఒడ్డాణముపై వెలుగు ఆ గాట్ల వెంబడి పరుగెత్తును. అచ్చున పోసిన తెల్లలోహపు నగపై వెలుగు రేకువలె ఒక్కచోటనే నిలిచిపోవును. నేడు వేదికలపై అట్టి నగలే ఎక్కువైనవి. వెల తక్కువ, నేర్చుకొను పిల్లలను తప్పుపట్టలేము.

మన కరీంనగరమునను ఇట్టి తీగపని కలదు. అయితే అది పళ్ళెములకు, పెట్టెలకు పేరుపడినది. కటకమునకు నాట్యము తోడైనది; అదియే దాని భాగ్యము.

2024లో కటకపు తారకసికి భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు రక్షణ కలిగినది. పనివానికి గిరాకి వేరుమాట. ఒడిస్సీ నేర్చు ఆడపిల్లలున్న మన కుటుంబములవారు బీరువాలోనికి మరియొక నెమలిని కొనుటకు బదులు, చెవులకు ఒక జత 'కాపా' చేయించి, దీపము ముందు తల త్రిప్పించి చూడవలెనని మా కోరిక.