వంటింటి బల్ల దగ్గర పాడిన పాటలు

ఆర్చీ రోచ్ ఆస్ట్రేలియా ఆదివాసీ గాయకుడు, పాటలు కూడా కట్టేవారు. 1990లో వచ్చిన తన మొదటి ఆల్బమ్ 'చార్‌కోల్ లేన్' పాటలనే 2020లో ఇంట్లో వంటింటి బల్ల చుట్టూ కూర్చుని మళ్ళీ పాడారు. పక్కన గిటారు, డబుల్ బాస్, అంతే. అప్పటికే పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ చూసిన మనిషి. మాట ఆగి ఆగి వస్తుంది. పాత రికార్డు కంటే మాకు ఇదే నచ్చింది. పాటలన్నీ నెమ్మదిగా ఒకే నడకలో సాగడం మాత్రం కుర్రవాళ్ళకు కొంత విసుగు కావచ్చు.

అసలు పాట 'టుక్ ద చిల్డ్రన్ అవే'. మేలు చేస్తామంటూ ప్రభుత్వం ఆదివాసీ పిల్లలను తల్లుల దగ్గర నుంచి తీసుకుపోయింది. అలా పోయినవారిలో ఆర్చీ ఒకరు. పాటలో కేకలు లేవు, తిట్లు లేవు. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు జరిగింది చెప్పినట్టు చెబుతారు. ఏడుపు వినేవాళ్ళకు వస్తుంది. ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008లో, పాట వచ్చిన 18 ఏళ్ళకు.

మన ఆశ్రమ పాఠశాలలు అలాంటివి కావు. అమ్మానాన్నలే తెచ్చి చేర్పిస్తారు, సెలవులకు తీసుకెళ్తారు. కానీ బడిలో కోయ, సవర మాట్లాడవద్దని మనమే అంటే, ఆ పిల్ల ఇంటికెళ్ళి అవ్వతో ఏ మాటలో మాట్లాడాలి? ఆర్చీ ఈ పాటలన్నీ ఇంగ్లీషులోనే పాడారు. అది కూడా మనం వినాలి.

'డౌన్ సిటీ స్ట్రీట్స్' కట్టింది ఆయన సహచరి రూబీ హంటర్. ఆమెనూ చిన్నప్పుడు అలాగే తీసుకుపోయారు. ఆమె 2010లో పోయారు. పదేళ్ళ తర్వాత ఆమె పాటను ఆయన ఒక్కరే పాడారు.