ఆశకు దారులు వెతికే పని

లేపాక్షి చుట్టుపక్కల వేరుశనగ రైతుకు మబ్బుల వైపు చూడటం పుట్టుకతో వచ్చిన అలవాటు. అదునుకు వాన పడకపోతే పెట్టుబడి మట్టిపాలే. అలాంటి మనిషికి ‘ధైర్యంగా ఉండండి’ అని చెప్పి పంపేయడం మంచి సైకాలజిస్టు పని కాదు.

1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఉన్న మార్టిన్ సెలిగ్మన్, జబ్బుతో పాటు మనిషిలోని బలాన్నీ పరిశీలించాలని గట్టిగా వాదించారు. పాజిటివ్ సైకాలజీ అలా ఊపందుకుంది. మనస్తత్వవేత్త సి.ఆర్. స్నైడర్ చెప్పిన ఆశ సిద్ధాంతం మన రైతుకు మరీ దగ్గర: ఆశ నిలవాలంటే గమ్యం, పట్టుదల ఉంటే చాలదు, దారులూ కనబడాలి.

అందుకే ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు పొలం గట్టు మీదివే. పోయిన కరువులో ఇల్లెట్లా గడిచింది? అప్పుడు తోడు నిలిచిందెవరు? హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ దగ్గరే కదా, కాస్త మల్బరీ వేసే వీలుందా? జవాబు రైతు నోటి నుంచే రావాలి. అంతదాకా తొందరపెట్టకుండా వినడమే ఈ వృత్తిలో అసలైన పనితనం.

మనసును ఇలా పట్టించుకునే మనస్తత్వశాస్త్రాన్ని తెలుగునాట సామాన్యుల దగ్గరికి చేర్చినవారిలో బి.వి. పట్టాభిరామ్ ముందుంటారు. ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకుని, హైదరాబాద్‌లో కౌన్సెలర్‌గా స్థిరపడి, వ్యక్తిత్వ వికాసంపై విరివిగా రాసిన ఆయన 2025లో కన్నుమూశారు.

మాటలతో రైతు అప్పు తీరదు, నిజమే. కానీ కుంగిన మనిషి మళ్లీ బ్యాంకు గడప ఎక్కాలన్నా, కొత్త పంట వేయాలన్నా ముందు మనసు కుదుటపడాలి. దిగులు వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.