కొట్టివేతలున్న దస్తూరి

“ముత్యాల్లాంటి అక్షరాలు” అని మనం మెచ్చుకుంటామే, ఆ మెప్పుతో నాకో చిన్న పేచీ ఉంది.

మావారి ఓడల కంపెనీ ఉద్యోగం ధర్మమా అని, విశాఖపట్నం వదిలి మూడేళ్ళు సింగపూర్‌లో కాపురం చేశాం. పిల్లలు బడికి పోయాక పొద్దుపోక, పొరుగావిడతో కలిసి చీనావాళ్ళ కుంచెరాత నేర్చుకోవడానికి వెళ్ళాను. రాతిపలక మీద నీళ్ళు పోసి సిరాకడ్డీ అరగదీయడం అచ్చం గంధం తీసినట్టే గనుక, అది ఇట్టే పట్టుబడింది. చిక్కంతా ఆ తరువాతే. కుంచె నిటారుగా పట్టుకోవాలి. మణికట్టు బల్లకు ఆనకూడదు. వాళ్ళ లిపిలో ‘ఒకటి’ అంటే ఒక్క అడ్డగీత. ఆ ఒక్క గీతకే నాకు నెల పట్టింది! కాగితం సిరాను చప్పున పీల్చేస్తుంది. చెయ్యి జంకిన చోట మచ్చ తేలుతుంది. దిద్దబోతే ఇంకా అసహ్యం. మన ముగ్గే నయం, చెరిపి మళ్ళీ వేసుకోవచ్చు.

ఒకరోజు మా పంతులమ్మ వాంగ్ షీజీ రాతకు నకలు చూపించింది. క్రీ.శ. 353లో లాన్‌టింగ్ అనేచోట మిత్రులంతా ఏటి ఒడ్డున చేరి అల్లిన కవితలకు ఆయన రాసిన ముందుమాట అది. మూలప్రతి పోయింది, నకళ్ళే మిగిలాయి. అయినా చీనా దస్తూరిలో అంతటి పేరు మరి దేనికీ లేదు. ఆశగా చూద్దును కదా, కొట్టివేతలు, పక్కన ఇరికించిన మాటలూ! అది చిత్తుప్రతి సుమండీ. నకలు తీసినవాళ్ళు ఆ కొట్టివేతల్ని కూడా భక్తిగా దించారు. ఒకే అక్షరం అందులో ఇరవైసార్లు వస్తుంది, ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు. తరువాత ఆయనే సాపు రాయబోతే ఆ కళ రాలేదని చెప్పుకుంటారు.

మన బళ్ళో అయితే ఆ కాగితానికి మార్కులు పడేవా? మనకు అందమంటే అచ్చుగుద్దినట్టు ఉండడం. అక్కడ అందమంటే, ఆ పూట ఆ మనిషి చెయ్యి ఎలా కదిలిందో కనబడడం. పద్దుకీ దరఖాస్తుకీ గుండ్రటి రాతే కావాలి, కాదనను. కాని ఉత్తరం పద్దు కాదు కదా!

అప్పుడే అమ్మ గుర్తొచ్చింది. మూడో తరగతితో చదువు మానిన మనిషి. పూర్ణా మార్కెట్ దగ్గర మా ఇంట్లో కూర్చుని, ఏరోగ్రాం మీద కోడిగీతల్లాంటి అక్షరాలతో, “రేవులో ఓడ కూత పెడితే నువ్వే గుర్తొస్తున్నావే” అని రాసేది. చదవలేక విసుక్కుని, “పక్కింటి అమ్మాయిచేత రాయించరాదూ” అని నేనే జాబు రాశాను. అప్పట్నుంచి ముత్యాల్లాంటి అక్షరాలు వచ్చాయి. “ఇచ్చట మేమందరమూ క్షేమం” తప్ప వాటిలో మరేమీ రాలేదు. ఓడ కూత మళ్ళీ వినబడలేదు.

ఆ రాత్రే, నీ చేత్తోనే రాయమ్మా అని బతిమాలుతూ రాశాను. “నా రాత బాగుండదు కదే” అని జవాబు వచ్చింది. పక్కింటి పిల్ల దస్తూరిలోనే.

ఇప్పుడు అమ్మ లేదు. పాత ఏరోగ్రాములు ఏడు మిగిలాయి. ఒకదాంట్లో ‘ఓడ’ అనే మాట రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాసింది. అక్కడే ఎక్కువసేపు ఆగుతాను. మీ ఇంట్లో కోడిగీతలు గీసేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ ఉత్తరాన్ని ఇంకొకరిచేత సాపు రాయించకండి.